తోటివారి తోడు: కృష్ణా డెల్టాలో మానసిక అనారోగ్యం, యువత, పరస్పర ఆసరా

4.1 పరిచయం

గత పాఠంలో కృష్ణా డెల్టాలో సంఘాలు ఎలా పుట్టాయో చదివారు. 1911లో బెజవాడలో వెలసిన రామమోహన గ్రంథాలయం, 1914లో అదే ఊళ్లో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పుస్తకాలు మోసిన పడవ మీకు గుర్తుండే ఉంటాయి. సహకార పరపతి సంఘాలు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు కూడా ఈ నేల మీద బాగా పాతుకున్నాయి. వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. ఒకే కష్టం ఉన్నవాళ్లు ఒకచోట కూర్చుంటే, ఆ కష్టం గురించి పైనుంచి చెప్పేవాళ్ల కంటే వాళ్లే బాగా మాట్లాడగలరు.

ఇంత సంఘజీవనం ఉన్న ప్రాంతంలో, మానసిక జబ్బుతో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రవాడికి అదే జబ్బు దాటి వచ్చిన మరొక కుర్రవాడు తారసపడే ఏర్పాటు మాత్రం చాలాకాలం లేదు. ఇప్పటికీ అరుదే. ఎందుకని? ఈ పాఠం అడిగే ప్రశ్న ఇదే.

జబ్బును స్వయంగా అనుభవించిన మనిషి, అదే స్థితిలో ఉన్న మరొకరికి తన అనుభవంతో తోడు నిలవడాన్ని పీర్ సపోర్ట్ అంటున్నారు. ఈ పాఠంలో దాన్ని ‘తోటివారి తోడు’ అని వాడుతున్నాను. ఇది వైద్యం కాదు, వైద్యానికి బదులూ కాదు. జాలితో చేసే సేవ కూడా కాదు. సాయం చేసేవాడూ పొందేవాడూ ఒకే మెట్టు మీద ఉండటమే దీని ప్రత్యేకత.

పై ప్రశ్నకు నా సమాధానం ముందే చెప్పేస్తాను. మానసిక జబ్బు వచ్చిపోయిన మనిషి మాటకు మన చట్టంలో, ఆసుపత్రిలో, ఇంట్లో విలువ లేకపోవడమే ఆ ఆలస్యానికి అసలు కారణం. తోటివారి తోడు చరిత్ర అంటే ఆ మాటకు మెల్లగా విలువ రావడపు చరిత్ర. పరీక్షలో మీరూ ఇదే రాయాలన్న నియమం లేదు. ఆధారం చూపి విభేదిస్తే నాకు మరింత సంతోషం.

4.2 వాల్తేరు దారి

ఆంగ్లేయుల పాలనలో కోస్తా జిల్లాలవారికి మానసిక చికిత్స అంటే విశాఖపట్నం వెళ్లడమే. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో అక్కడ ఏర్పడిన ఆశ్రయమే నేటి ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి మూలం. బెజవాడ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. దివి తాలూకా పల్లె నుంచి బయలుదేరితే పడవ, బండి, రైలు అన్నీ ఎక్కాల్సిందే. అంత దూరం వెళ్లిన మనిషి ఊరికి తిరిగొచ్చినా ‘వాల్తేరు వెళ్లొచ్చినవాడు’గానే మిగిలాడు. హైదరాబాదు వైపు ‘ఎర్రగడ్డ’ అన్న మాటకు పట్టిన గతి మీకు తెలిసిందే. మన సినిమాల్లో అది నేటికీ తిట్టు.

దూరం కంటే బరువైనది చట్టం. 1858 నాటి చట్టం ప్రకారం మతి చలించి తిరుగుతున్న మనిషిని పోలీసులు మేజిస్ట్రేటు ముందు నిలబెడితే, ఆయన ఉత్తర్వుతో ఆశ్రయానికి పంపవచ్చు. 1912 నాటి లూనసీ చట్టం తనంతట తాను వచ్చి చేరే వీలు కల్పించింది. అయినా దాని చూపు ప్రధానంగా సమాజాన్ని ఆ మనిషి నుంచి కాపాడటం మీదే నిలిచింది. స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్లు గడిచేదాకా ఆ చట్టమే సాగింది. 1987లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది, అమల్లోకి రావడానికి 1993 పట్టింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. 1872 నాటి సాక్ష్య చట్టం 118వ సెక్షను మతిస్థిమితం లేనివాడిని సాక్షిగా పనికిరాడని తోసిపుచ్చలేదు. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని సబబైన జవాబు చెప్పగలిగితే అతని మాట చెల్లుతుందన్నది. అంటే హత్య కేసులో అతను సాక్ష్యం చెప్పవచ్చు, తనను ఉంచిన గది గురించి మాత్రం ఎవరూ అడగరు! కోర్టు వినడానికి ఒప్పుకున్న మాటను ఆసుపత్రి, ఇల్లు వినలేదు.

ఇంటి సంగతికి వస్తే పెళ్లి దగ్గర ఆగాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం మతిస్థిమితం లేకపోవడాన్ని వివాహానికి అడ్డంకిగా, కొన్ని షరతులతో విడాకులకు కారణంగా పేర్కొంది. 1976లో ఆ మాటలు సవరించారు గానీ సారం పోలేదు. జబ్బు తరచు మొదలయ్యేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో. సంబంధాలు చూసేదీ దాదాపు అప్పుడే. అందుకని తల్లిదండ్రులు దాచారు. ఆ పిల్లవాడికే కాదు, అతని చెల్లెలికి సంబంధం రాదేమోనని కూడా దాచారు. రహస్యం ఉన్నచోట సంఘం పుట్టదు. అప్పుల పాలైన రైతు పదిమందిలో నోరు విప్పగలిగాడు. మందులు మింగుతున్న కుర్రవాడు విప్పలేకపోయాడు.

4.3 ‘నరాల డాక్టరు’ వరండాలో

అయినా మనుషులు ఒకరికొకరు తారసపడుతూనే ఉన్నారు, ఎవరూ ఏర్పాటు చేయని చోట్ల.

గాలి సోకిందని, చేతబడి అని, చిల్లంగి అని నమ్మిన కుటుంబాలు మొదట వెళ్లింది భూతవైద్యుడి దగ్గరికి, తర్వాత క్షేత్రాలకు. నెల్లూరు జిల్లా ఎ.ఎస్. పేట దర్గాకు, కృష్ణ ఎగువన ఉన్న మట్టపల్లి నరసింహస్వామి గుడికి ఇలాంటి కుటుంబాలు మతాలతో పనిలేకుండా వెళ్లి రోజుల తరబడి ఉండిపోయేవి. అక్కడ తాయెత్తు పని చేసిందా అన్నది నా ప్రశ్న కాదు. చెట్టుకింద పక్కపక్కన వండుకుంటున్న రెండు కుటుంబాలు ఏం మాట్లాడుకున్నాయన్నది నా ప్రశ్న. “మీవాడు ఎన్నాళ్ల నుంచి?” అన్న ప్రశ్న సొంత ఊళ్లో ఎవరూ అడగనిది, అడిగినా జవాబు రానిది. అక్కడ మాత్రం అది పలకరింపు.

దీన్ని ఊరికే పొగడకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాను ఆనుకుని వెలసిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తాను ఆ విషయం చేపట్టింది. గొలుసు ఉన్నచోట తోడు అన్న మాటకు అర్థం లేదు.

విజయవాడలో సూర్యారావుపేట డాక్టర్ల వీధులు పెరిగాక ఈ కలయిక క్లినిక్కు వరండాకు మారింది. ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ, తెనాలి, రేపల్లె బస్సులు దిగినవాళ్లు అక్కడికి వచ్చేవారు. మానసిక వైద్యుడని ఎవరూ అనరు, ‘నరాల డాక్టరు’ అంటారు. జబ్బు పేరు ‘నరాల బలహీనత’. ఈ రెండు మాటలు ఎంతమంది పరువు కాపాడాయో, ఎంతమందిని సరైన చికిత్సకు చేర్చాయో లెక్కలేదు. భాషలో అబద్ధమే అయినా సమాజంలో అది దొడ్డిదారి. చరిత్ర విద్యార్థులు ఇలాంటి మాటలను తప్పులని కొట్టేయకుండా ఆధారాలుగా చదవాలి.

వరండాలో మాట్లాడుకున్నది తల్లులు, తండ్రులు. పక్కనే తలవంచుకు కూర్చున్న కుర్రవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేనైతే చూడలేదు. 1950లలో అమృతసర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల పక్కనే డేరాలు వేయించి కుటుంబాలను ఉండనిచ్చారు. భారతీయ మానసిక వైద్యంలో అది గొప్ప మలుపు. జబ్బు ఇంటివారందరిదీ అని మన దేశం ముందుగా గుర్తించింది. అది మన బలం. కుటుంబమే రోగి తరఫున అన్నీ మాట్లాడటం మాత్రం ఆ బలానికి అవతలి వైపు.

4.4 పటమట నుంచి ప్రమదావనం దాకా

దయ్యం అన్న మాటను డెల్టాలో బహిరంగంగా ఎదిరించినవారిలో గోరా ముఖ్యులు. గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. నిప్పుల మీద నడవడం మహిమ కాదని చూపించడం, బాణామతి భయం ఉన్న పల్లెలకు వైద్యులతో కలిసి వెళ్లడం ఆ కేంద్రం పనుల్లో భాగాలు. గోరా కుమారుడు డాక్టర్ సమరం పత్రికల్లో ఆరోగ్య సందేహాలకు రాసిన జవాబులు తెలుగునాట ఒక తరానికి గుప్త పాఠ్యపుస్తకాలు. 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి ఆడవాళ్ల కష్టాలకు ఆసరా ఇచ్చే సంస్థగా ఎదిగింది.

ఈ ఉద్యమం చేసిన మేలు పెద్దది. నీ మీద ఎవరూ చేతబడి చేయలేదు, ఇది జబ్బు అని చెప్పింది. దానికి ఒక హద్దు కూడా ఉందని నా అభిప్రాయం. హేతువాది కూడా పైనుంచే చెప్పాడు. వేదిక మీద డాక్టరు ఉన్నాడు, ఒకప్పుడు దయ్యం పట్టిందని పేరుపడి, చికిత్సతో కోలుకున్న అమ్మాయికి ఆ వేదిక మీద కుర్చీ వేయలేదు.

సాహిత్యం ఈ ఒంటరితనాన్ని ముందే పట్టుకుంది. గుడివాడ దగ్గరి అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ 1940లలో రాసిన అసమర్థుని జీవయాత్రలో సీతారామారావును గుర్తు చేసుకోండి. భార్యాబిడ్డలు ఉన్నారు, మంచి చెప్పేవాళ్లూ ఉన్నారు. తనలాగే తల్లకిందులై నిలదొక్కుకున్న మనిషి మాత్రం ఒక్కడూ లేడు. నవలను మనోవైజ్ఞానిక రచనగా చదవడం మామూలే. సామాజిక చరిత్రగా చదివితే అది ఒక ఖాళీకి ఆధారం.

నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు నడిపిన ప్రమదావనం ఆ ఖాళీని కొంత పూడ్చింది. ఉత్తరం రాసినవారికి ఆమె ఇచ్చే సలహా ఎంత ముఖ్యమో, దాన్ని చదివే మరొక ఇంటి అమ్మాయికి ‘ఇది నా ఒక్కదానికే కాదు’ అని తెలియడం అంత ముఖ్యం. తోటివారు ఉన్నారని తెలిసింది. వారిని కలిసే దారి మాత్రం లేదు.

4.5 దివిసీమ, 1977

1977 నవంబరు 19 ఉప్పెన గురించి వేరే పాఠంలో వివరంగా చదువుతారు. సుమారు పదివేల మంది చనిపోయారన్నది అధికారిక అంచనా. నేనప్పుడు విజయవాడలో డిగ్రీ విద్యార్థిని, సహాయానికి వెళ్లిన బృందంలో ఉన్నాను. ఇళ్లు, పశువులు, పడవలు లెక్కపెట్టడం మా పని. మనసులు లెక్కపెట్టమని మాకెవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

ఒక గుడారంలో నా వయసువాడే ఒకడు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేవాడు. బియ్యం ఇస్తే తీసుకునేవాడు, పేరు అడిగితే చెప్పేవాడు కాదు. మా బృందంలో అందరం ప్రయత్నించాం. కొన్ని రోజుల తర్వాత చూస్తే పక్క ఊరి కుర్రవాడు, అతనిలాగే అందరినీ పోగొట్టుకున్నవాడు, అతని పక్కన కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. మర్నాడు ఇతనూ వల అందుకున్నాడు. దీన్ని పరిశోధన అనను. ఒక సాక్షి జ్ఞాపకం మాత్రమే, అదీ ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నది. మౌఖిక చరిత్రలో ఇలాంటి ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో మీరు మొదటి పాఠంలో నేర్చుకున్నారు. ఆ కొలబద్ద నా మాట మీద కూడా పెట్టండి.

4.6 రోగే గురువు

ప్రపంచంలో ఈ ఆలోచన ఎక్కడిది? 18వ శతాబ్దం చివర పారిస్‌లోని బిసెత్ర ఆసుపత్రిలో జాఁ బాప్తిస్త్ ప్యుసాఁ అనే పర్యవేక్షకుడు, కోలుకున్న రోగులనే సేవకులుగా తీసుకున్నాడు. వాళ్లు కొట్టరని, కోప్పడరని ఆయన అనుభవం. వైద్యుడు పినెల్ దీన్ని మెచ్చుకున్నాడు. 1908లో అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ తాను ఆశ్రయాల్లో పడిన బాధను పుస్తకంగా రాసి ఒక ఉద్యమానికి దారితీశాడు. 1935లో ఆక్రన్ పట్టణంలో తాగుడు మానాలనుకున్న ఇద్దరి సంభాషణ నుంచి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. 1978లో జూడీ చాంబర్లిన్, మాజీ రోగులే నడుపుకునే సహాయ కేంద్రాల కోసం పుస్తకం రాసింది. ఈ పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు.

మన కోస్తాలో ‘రోగే గురువు’ అన్న మాట నిజమైంది మానసిక వైద్యంలో కాదు, హెచ్.ఐ.వి. విషయంలో. ఆంధ్రప్రదేశ్ దేశంలో వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. 2000 తర్వాత జాతీయ రహదారి వెంబడి పట్టణాల్లో తోటివారే విద్య నేర్పే పీర్ ఎడ్యుకేటర్లు పనిచేశారు, వైరస్‌తో జీవిస్తున్నవారి నెట్‌వర్కులు ఏర్పడ్డాయి. 2004లో ప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్.టి. మందులివ్వడం మొదలుపెట్టాక, ఆ కేంద్రాల్లో వైరస్ ఉన్నవారికే ఒక ఉద్యోగం కేటాయించారు. ఆ మనిషి బల్ల ఇవతల కూర్చుని “నేనూ ఇవే మాత్రలు వేసుకుంటున్నాను” అని చెబితే, డాక్టరు పది నిమిషాల్లో చెప్పలేనిది రోగికి ఒక్క వాక్యంలో అర్థమైంది.

ఆలోచించండి. హెచ్.ఐ.వి.కి అంటిన అపవాదు మానసిక జబ్బుకు అంటినదానికంటే తక్కువేమీ కాదు. అయినా అక్కడ ముందుగా సాధ్యమైంది. ఒక కారణం డబ్బు, అంతర్జాతీయ నిధులు. రెండోది నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవాడి తెలివిని ఎవరూ శంకించలేదు. నడవడిని నిందించారు గానీ, మాట అర్థంలేనిదని అనలేదు. మానసిక రోగి విషయంలో మొదట కొట్టేసేది మాటనే. కోపగించుకుంటే ‘జబ్బు తిరగబెట్టింది’ అంటారు, నవ్వితే కూడా అదే అంటారు.

వెలుగు పథకం కింద పల్లెల్లో ఏర్పడిన వికలాంగుల సంఘాలు, తర్వాత వచ్చిన సదరం ధ్రువపత్రాల గురించి ఒక్క మాట. చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. కానీ సంఘానికి వచ్చి కూర్చుంటే ఊరంతా తెలుస్తుంది. పింఛను కావాలంటే పేరు రాయించుకోవాలి, పెళ్లి కావాలంటే దాచాలి. ఇరవై రెండేళ్ల వయసులో ఎవరైనా ఏది ఎంచుకుంటారో చెప్పక్కరలేదు.

4.7 హాస్టలు గదులు

అమెరికాలో 2005లో ప్రచురితమైన ఒక పెద్ద సర్వే ప్రకారం జీవితంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్లలోపు, ముప్పావు వంతు 24 ఏళ్లలోపు మొదలవుతాయి. మన దేశంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దల్లో నూటికి సుమారు 10.6 మందికి ఆ సమయంలో ఏదో ఒక రుగ్మత ఉందని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని చెప్పింది.

ఈ వయసువారిని విజయవాడ చుట్టూ ఒకచోట చేర్చింది చదువు. ఎంసెట్ శిక్షణ పెరిగిన కొద్దీ గూడవల్లి, నిడమానూరు, ఎనికేపాడు, కానూరు, పోరంకి పరిసరాల్లో నివాస కళాశాలలు లేచాయి. రాష్ట్రం నలుమూలల నుంచి పదహారు, పదిహేడేళ్ల పిల్లలు వచ్చారు. ఒకే గదిలో నలుగురైదుగురు ఉన్నా వారి మధ్య ర్యాంకు అనే గోడ ఉంది. పక్క మంచం మీద ఉన్నవాడు తోటివాడు కావాల్సింది, పోటీదారు అయ్యాడు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఒక్కొక్క మరణానికి ఒకే కారణం వెతకడం చరిత్రకారుడి పని కాదు, డాక్టరూ అలా వెతకడు. కానీ పక్కవాడితో మాట్లాడలేని ఏర్పాటును మనమే కట్టామన్నది కాదనలేం.

నా సంగతి చెప్పకుండా ఇతరుల సంగతి చెప్పడం న్యాయం కాదు. 1990లలో నేను ఒక విద్యాసంస్థలో హాస్టలు వార్డెన్‌గా ఉన్నాను. ఎం.ఏ. చదివే అబ్బాయి ఒకడికి రేడియోలో తన గురించే మాట్లాడుతున్నారన్న భ్రమ మొదలైంది. ఇంటికి తీసుకెళ్లి చికిత్స చేయించారు. ఐదు నెలల తర్వాత కుదుటపడి వచ్చాడు. నేను గదిలోకి పిలిచి, “ఎవరికీ చెప్పకు బాబూ, కామెర్లు వచ్చాయని చెప్పు” అన్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. అదే హాస్టల్లో మరొక బ్లాకులో ఇంకో అబ్బాయి అలాంటి మందులే వాడుతున్నాడని వాళ్ల నాన్నగారు నాతో చెప్పి ఉన్నారు. ఇద్దరి సంగతీ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మొదటివాడు మందుల మత్తుతో పొద్దుటి క్లాసులు పోగొట్టుకున్నాడు. కామెర్లు వచ్చినవాడు అన్నేసి గంటలు ఎందుకు నిద్రపోతాడని స్నేహితులు ఎగతాళి చేశారు. మూడు నెలల్లో చదువు వదిలేసి వెళ్లిపోయాడు. రెండోవాడు ఎలాగో పూర్తి చేశాడు. ఏళ్ల తర్వాత విజయవాడ స్టేషన్లో కనిపించి, మాటల్లో అన్నాడు: “సార్, ఆ అబ్బాయిది కూడా నా జబ్బే అని తర్వాత తెలిసింది. రాత్రి మాత్ర కాస్త ముందుగా వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడగమని నేను చెప్పేవాణ్నండి. నాకు అలాగే సర్దుబాటు చేశారు.”

ఒకరి రహస్యం మరొకరికి చెప్పే హక్కు నాకు లేదు. అది ఇప్పటికీ నిజమే. కానీ ఇద్దరినీ విడివిడిగా పిలిచి, “నీలాంటివాడు ఇంకొకడు ఉన్నాడు, కలుస్తావా?” అని అడగవచ్చు. అడిగితే ఎవరి రహస్యమూ బయటపడదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. రాకపోవడానికి కారణం దయ లేకపోవడం కాదు. ఒక రోగి మరొక రోగికి ఏం సాయం చేస్తాడన్న చిన్నచూపు.

ఇక్కడ చదవడం ఆపి, ఆ సమయంలో మీరు వార్డెన్ అయితే ఏం చేసేవారో నాలుగైదు వాక్యాలు రాసుకోండి.

4.8 చట్టం మారాక

2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. దాన్ని అనుసరించి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. జబ్బు ముదిరితే తనకు ఎలాంటి చికిత్స కావాలో ముందుగానే రాసిపెట్టే హక్కు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎంచుకునే హక్కు ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, శిక్షించరాదని చెప్పింది. మన పాఠానికి ముఖ్యమైనది మరొకటి. రోగుల హక్కులు చూసే సమీక్షా మండలిలో ఇద్దరు సభ్యుల స్థానాలను మానసిక అనారోగ్యం ఉన్నవారికి, లేదా వారి సంరక్షకులకు, లేదా వారి సంస్థల ప్రతినిధులకు ఇచ్చింది. 1858లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన మనిషికి ఇన్నాళ్లకు బల్ల అవతల కుర్చీ దొరికింది. ఆ ‘లేదా’ అన్న పదం గుండా కుర్చీ మళ్లీ ఎవరికి పోతుందో చూడాల్సి ఉంది.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం, ఊరి పిల్లల్లోంచే తోటి విద్యావేత్తలను తయారుచేయాలంది. మానసిక ఆరోగ్యం అందులో ఒక అంశం. కానీ దాని వయసు పరిధి 10 నుంచి 19. ఇరవై నిండగానే ఆ గొడుగు పక్కకు జరుగుతుంది, జబ్బు జరగదు. గుజరాత్‌లో 2014–16 మధ్య ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో జరిగిన క్వాలిటీరైట్స్ కార్యక్రమంలో, కోలుకున్నవారిని శిక్షణ ఇచ్చి తోడు కార్యకర్తలుగా తీసుకున్నారు. మన దగ్గరా చేయదగిన పని అది.

2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలరు ఉండాలని, మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయరాదని, సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. ఇది మంచి అడుగు. దీని పక్కన విద్యార్థుల మధ్య తోడు కూడా పెరిగితే కౌన్సెలరు గది తలుపు తట్టడానికి ధైర్యం వస్తుంది. మొదటిసారి ఆ తలుపు దాకా తీసుకెళ్లేది ఎక్కువసార్లు ఒక స్నేహితుడే.

అసలు ఇద్దరు కలిస్తే ఏం మాట్లాడుకుంటారు? బయటివారు ఊహించేంత గంభీరమైన విషయాలు కావు. మందు వల్ల లావెక్కుతున్నాను, ఏం చేశావు? చేతులు వణుకుతుంటే రికార్డు ఎలా రాశావు? ఇంటర్వ్యూలో ఆరు నెలల ఖాళీ ఎందుకని అడిగితే ఏం చెప్పావు? పెళ్లిచూపుల ముందు చెప్పాలా, తర్వాతా? బాగుంది కదా అని మందు ఆపేస్తే ఏమైంది? ఈ చివరి ప్రశ్నకు “నేను ఆపాను, రెండు నెలల్లో మళ్లీ ఆసుపత్రికి వెళ్లాను” అన్న జవాబుకున్న బరువు డాక్టరు హెచ్చరికకు ఉండదు.

ప్రమాదాలూ ఉన్నాయి. తోడు ఉండేవాడికీ జబ్బు తిరగబెట్టవచ్చు. ఒకరి భారం మరొకరు మోస్తూ ఇద్దరూ కుంగిపోవచ్చు. నాకు పనిచేసిన మందు నువ్వూ వేసుకో అనడం తోడు కాదు, అపాయం. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా చెబితే ఆ మాటను రహస్యంగా దాచకూడదు. ఒంటరిగా వదలకుండా, పెద్దవారినో డాక్టరునో కలపాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కరలేదు. ఈ పాఠం చదువుతున్న మీలో ఎవరికైనా అది అవసరమైతే మిగతా పేజీలు తర్వాత చదువుకోవచ్చు.

4.9 క్షేత్ర అభ్యాసం

మీ ప్రాంతంలో మానసిక ఆరోగ్యం గురించి గత యాభై ఏళ్లలో వాడిన మాటలు సేకరించండి. నరాల బలహీనత, గాలి, మతి చలించడం, డిప్రెషన్ వంటి మాటలను ఏ వయసువారు ఏది వాడుతున్నారో, ఎవరి ముందు ఏది వాడుతున్నారో రాయండి. వీలైతే కోలుకున్న ఒకరితో, వారి అంగీకారంతో, వారు చెప్పిన చోట, చెప్పిన సమయంలో మాట్లాడండి. పేరు, ఊరు, కులం, కళాశాల రాయవద్దు. జబ్బు ఎలా వచ్చిందని అడగవద్దు, అప్పుడు పక్కన ఎవరున్నారని అడగండి. మధ్యలో ఆపేద్దామంటే ఆపి, రాసిన కాగితం వారి చేతికే ఇచ్చి రండి. అసైన్‌మెంటులో ఆ పేజీ ఖాళీగా ఉన్నా మార్కులు తగ్గవు.